పోలీసులు తరిమిన కారు దారినపోయే వ్యక్తిని ఢీకొడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: గత నెలలో మా నాన్నగారు రోడ్డు దాటుతుండగా అతివేగంగా వచ్చిన ఒక కారు ఆయనను ఢీకొట్టి, ఆగకుండా వెళ్లిపోయింది. తొడ ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. ఆ కారు వెనకే పోలీసు జీపు కూడా సైరన్ వేసుకుని అంతే వేగంతో వచ్చిందని చూసినవాళ్లు చెప్పారు. స్టేషనులో అడిగితే, తనిఖీ దగ్గర ఆపమన్నా ఆపకుండా పారిపోయినందుకు వెంబడించామని, కారు నంబరు అప్పటికే రాసుకున్నామని, ఆ నంబరుతోనే మర్నాడు యజమానిని, అతని ద్వారా డ్రైవరును పట్టుకున్నామని అన్నారు. నంబరు తెలిసినప్పుడు జనం తిరిగే రోడ్డు మీద అలా తరమవచ్చా? నష్టపరిహారం ఎవరి నుంచి అడగాలి? పోలీసుల మీద కూడా కేసు వేయవచ్చా?

జవాబు: మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. కారు నంబరు అప్పటికే పోలీసుల దగ్గర ఉందన్న ఒక్క సంగతి మీ వ్యవహారం మొత్తానికి కీలకం. పారిపోయేవాణ్ణి పట్టుకునే అధికారం పోలీసులకు ఉందా అంటే ఉంది. అయితే ఆ అధికారాన్ని ఆ సమయంలో, ఆ రోడ్డు మీద, ఆ వేగంతో వాడవలసిన అవసరం ఉందా అన్నది వేరే ప్రశ్న. పోలీసుల మీద మీ వాదన నిలిచినా వీగినా ఆ రెండో ప్రశ్న మీదే.

ముందు అధికారం సంగతి చూద్దాం. రాకపోకలను నియంత్రించే పోలీసు అధికారి ఇచ్చే ఆదేశాన్ని పాటించడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 119వ సెక్షన్ కింద ప్రతి డ్రైవరు విధి. చట్టం ప్రకారం ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరిస్తే 179వ సెక్షన్ కింద 2,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఇదే చట్టంలోని 202వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇస్తుంది గాని, అది తన కళ్లెదుట ప్రమాదకరంగా బండి నడిపినవారికి, మత్తులో నడిపినవారికి, అనుమతి లేకుండా ఇతరుల వాహనం తీసుకుపోయినవారికి, ఈ చట్టం కింద తప్పు చేసి పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరించినవారికి మాత్రమే వర్తిస్తుంది. అంటే తనిఖీ దగ్గర ఆగకపోవడం, దానంతట అదే, జరిమానాతో తీరే తప్పు. ఆ తర్వాత అతను జనం మధ్య నుంచి దూసుకుపోతే అది 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగు అవుతుంది, అరెస్టు అధికారమూ వస్తుంది. మీ కేసులో పోలీసులు చెప్పబోయేది ఇదే. కాని అతను ప్రమాదకరంగా నడపడం జీపు వెంటపడిన తర్వాతే మొదలైందా, అంతకుముందే ఉందా అన్నది మీ న్యాయవాది సాక్షులను తప్పక అడిగించవలసిన ప్రశ్న.

అరెస్టు ఎలా చేయాలో, క్రిమినల్ కేసుల విధివిధానాలను నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతుంది. అరెస్టును తప్పించుకోవాలని చూసేవారి విషయంలో అవసరమైన అన్ని మార్గాలను వాడవచ్చని ఆ సెక్షన్ అంటుంది. వెంటనే, మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగిన నేరం ఆరోపణ లేని వ్యక్తి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ వల్ల రాదని కూడా అంటుంది. తప్పించుకోకుండా ఆపడానికి కావలసినదానికన్నా ఎక్కువ నిర్బంధం పనికిరాదని 46వ సెక్షన్ చెబుతుంది. ఈ నిబంధనల్లో ఎక్కడా వేగం గురించి గాని, రోడ్డు మీది రద్దీ గురించి గాని ఒక్క మాట లేదు. అందువల్ల ‘అవసరమైన’ అన్న ఆ ఒక్క పదమే మనకు ఆధారం. పారిపోతున్నవాడి ప్రాణానికే చట్టం ఇంత కాపుదల ఇచ్చినప్పుడు, ఏ తప్పూ చేయకుండా రోడ్డు దాటుతున్న మనిషి ప్రాణానికి అంతకంటే తక్కువ ఇచ్చిందని ఏ కోర్టూ అనజాలదని నా నమ్మకం.

అత్యవసర విధిలో ఉన్న పోలీసు వాహనాలకు 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్లు కొన్ని సడలింపులు ఇచ్చాయి. వేగపరిమితిని దాటడం, ఎర్రలైటు ఉన్నా జాగ్రత్తగా ముందుకు వెళ్లడం వాటిలో ఉన్నాయి. సైరన్ మోగుతున్నది కాబట్టి మాకు ఏ పరిమితీ లేదన్న వాదన మీకు ఎదురుకావచ్చు. ఆ సడలింపు వేగపరిమితి నుంచే తప్ప ఇతరుల పట్ల చూపవలసిన జాగ్రత్త నుంచి కాదు. తనిఖీ దగ్గర ఆగకపోవడం అత్యవసర పరిస్థితి అవుతుందా అన్నది కూడా వాళ్లు రుజువు చేసుకోవలసిన విషయమే.

2019 నవంబరులో కేరళ హైకోర్టు మీకు పనికివచ్చే మాట చెప్పింది. హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులను వెంటాడి పట్టుకోవడం, రోడ్డు మధ్యకు వచ్చి బండిని అడ్డుకోవడం తగదని, కెమెరాల వంటి సాధనాలతో నంబరు నమోదు చేసి తర్వాత చర్య తీసుకోవాలని ఆ తీర్పు సారాంశం. ఒక హైకోర్టు తీర్పు మరో రాష్ట్రంలోని కోర్టులు తప్పక అనుసరించవలసినది కాదు గాని, దానిలోని తర్కాన్ని ఏ కోర్టు ముందైనా ఉంచవచ్చు. ఆ తర్కానికి చట్టంలోనే బలం ఉంది. బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగినప్పుడు చెప్పడం మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద యజమాని విధి. మీ కేసులో మర్నాడు డ్రైవరు దొరికింది సరిగ్గా ఈ దారిలోనే. వెంటాడకపోయినా దొరికేవాడని నిరూపించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

ఇతర దేశాల కోర్టులు దీన్ని ఎలా చూశాయో కొంత తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ప్రభుత్వ న్యాయవాది వాటిని ఎత్తవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1998లో ఒక కేసులో, వెంటాడే సమయంలో అధికారికి హాని చేసే ఉద్దేశం లేకపోతే అది రాజ్యాంగ హక్కుల ఉల్లంఘన కాదని తీర్పు ఇచ్చింది. 2007లో స్కాట్ వర్సెస్ హ్యారిస్ కేసులో, పారిపోతున్న కారును పోలీసు కారుతో వెనుక నుంచి తాకించి ఆపడం సమంజసమేనని అన్నది. ఆ చర్య వల్ల పారిపోతున్న యువకుడు శాశ్వతంగా మంచానపడ్డాడు. అయితే ఆ తీర్పులో కోర్టు తూచింది పారిపోతున్నవాడి ప్రాణాన్ని, దారిలో ఉన్న అమాయకుల ప్రాణాలను. మీ నాన్నగారు ఆ త్రాసులో రెండో వైపున ఉన్న మనిషి కాబట్టి ఆ తీర్పును మీ మీద వాడటం కుదరదు. పైగా కోర్టులు అంత వెసులుబాటు ఇచ్చిన ఆ దేశంలోనే, పోలీసు ఉన్నతాధికారుల పరిశోధన సంస్థ ఒకటి 2023లో ప్రచురించిన మార్గదర్శకాలు, హింసాత్మక నేరం జరిగి, ఆ వ్యక్తి వెంటనే మరో హింసకు పాల్పడే ముప్పు ఉన్నప్పుడే వెంటాడాలని సూచించాయి.

పోలీసుల పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెంటపడరని ముందే తెలిస్తే ప్రతివాడూ తనిఖీ దగ్గర బండి ఆపకుండా పోతాడన్న వారి ఆందోళనలో నిజం ఉంది. పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్న కారును, అప్పుడే ఒకరిని పొడిచి పారిపోతున్నవాణ్ణి నంబరు రాసుకుని వదిలేయమని ఎవరూ అడగరు, నేనూ అడగను. అలాంటప్పుడు ఆలస్యమే మరో ప్రాణం తీయవచ్చు. కాని కారులో ఎవరున్నారో, ఏం చేశారో తెలియకుండా, ఆగలేదన్న ఒక్క కారణంతో రద్దీ రోడ్డు మీద తరమడం దానికి సమానం కాదు. వైర్‌లెస్‌లో ముందున్న స్టేషన్లకు చెప్పడం, రద్దీ లేని చోట దారి మూసి ఆపించడం వంటి మార్గాలు ఉన్నాయి. అవి ప్రయత్నించారా అని అడగడం పోలీసుల మీద కక్ష కాదు. వెంటాడుతున్న జీపులోని కానిస్టేబుళ్ల ప్రాణాలూ ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక బాధ్యత. ఢీకొట్టిన డ్రైవరు తప్పు పోలీసులు తరిమినంత మాత్రాన తగ్గదు. అతని మీద నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125 (ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం) సెక్షన్లతో పాటు మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, గాయపడిన మనిషిని వదిలి పారిపోయినందుకు 134, 187 సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. జీపు నడిపిన తీరు మీద ఫిర్యాదును స్టేషనులో తీసుకోకపోతే, నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అధికారిక విధిలో చేసిన పని అంటూ ప్రభుత్వ ముందస్తు అనుమతి ప్రశ్న లేవనెత్తవచ్చు. అందుకే క్రిమినల్ కేసు కన్నా నష్టపరిహారం దారి మీకు త్వరగా మేలు చేస్తుందని నా అభిప్రాయం.

నష్టపరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ఇక్కడ క్రిమినల్ కేసులో వలె అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, మీ కథనమే ఎక్కువ నమ్మదగినదని తేలితే చాలు. కారు డ్రైవరును, యజమానిని, బీమా కంపెనీని ప్రతివాదులుగా చేర్చండి. డ్రైవరుకు లైసెన్సు లేదని బీమా కంపెనీ వాదించినా బెంగపడకండి. అలాంటప్పుడు ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించడం 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు నుంచి స్థిరపడిన పద్ధతి.

పోలీసు జీపు మీ నాన్నగారిని తాకలేదు గదా అని ప్రభుత్వం అంటుంది. మీ కేసులో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదే, కాబట్టి సిద్ధపడి వెళ్లండి. మోటారు వాహనం ‘వాడకం వల్ల’ జరిగిన ప్రమాదం అన్న మాటకు సుప్రీంకోర్టు 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో విశాలమైన అర్థం చెప్పింది. బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలినా దాన్ని ఆ వాహనం వాడకం వల్ల జరిగినదిగానే పరిగణించింది. దాన్ని ఆధారం చేసుకుని, జీపు వెంటపడటమే కారు వేగానికి ఒక కారణమని మీరు వాదించవచ్చు. ఇద్దరి నిర్లక్ష్యం కలిసి మూడో మనిషికి హాని జరిగితే బాధితుడు వారిలో ఎవరి నుంచైనా పూర్తి పరిహారం కోరవచ్చని 2015లో ఖెన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని చేర్చినందువల్ల కారు బీమా నుంచి మీకు రావలసినది ఆగిపోదు. పోలీసు విధి సార్వభౌమాధికార కార్యమని, అంటే రాజ్యం మాత్రమే చేయగల పని అని, దానికి ప్రభుత్వం జవాబుదారీ కాదని 1964 నాటి కస్తూరిలాల్ తీర్పును ఎత్తిచూపవచ్చు. ప్రభుత్వ జీపు డ్రైవరు నిర్లక్ష్యానికి రాష్ట్రమే బాధ్యురాలని 1962లో విద్యావతి కేసులోను, ఆ పాత రక్షణను బాగా కుదిస్తూ 1994లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన నాగేంద్రరావు కేసులోను సుప్రీంకోర్టు చెప్పిన మాటలు మీ జవాబు. ఇంతా చేసి ట్రిబ్యునల్ పోలీసుల నిర్లక్ష్యం రుజువు కాలేదని అనవచ్చు. అప్పుడు కూడా కారు వైపు నుంచి వచ్చే పరిహారం మీకు ఉంటుంది.

గడువు విషయంలో ఏమరుపాటు వద్దు. 166వ సెక్షన్ ప్రమాదం జరిగిన 6 నెలల లోపు పిటిషన్ వేయాలంటుంది, మీకు ఒక నెల ఇప్పటికే గడిచింది. దర్యాప్తు అధికారి మొదటి నివేదికను 48 గంటల్లో, సమగ్ర ప్రమాద నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలని 2022లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ ప్రతులు అడిగి తీసుకోండి. అయితే ఆ నివేదికను రాసేది పోలీసులే కాబట్టి, జీపు వెంటాడిన సంగతి అందులో నమోదైందో లేదో చదివి చూడండి. లేకపోతే మీ సొంత పిటిషన్‌లో వివరంగా రాయండి.

అంతకన్నా తొందరైనది సాక్ష్యం. సీసీ కెమెరాల దృశ్యాలు కొద్ది వారాల్లోనే చెరిగిపోతుంటాయి. ఆ రోడ్డు మీద ఉన్న కెమెరాల దృశ్యాలను, ఆ సమయపు వైర్‌లెస్ సంభాషణల రికార్డును, జీపు లాగ్‌బుక్‌ను, స్టేషనులో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలోని నమోదును భద్రపరచమని ఎస్పీకి ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. వాటి ప్రతుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టండి. దర్యాప్తు సాగుతోందని నిరాకరించినా, ఆ రికార్డులు ఉన్నాయని మీరు ముందే అడిగినట్లు ట్రిబ్యునల్ ముందు కాగితం ఉంటుంది. కారు నంబరు ముందే రాసుకున్నామన్న మాట స్టేషనులో మీకు నోటితో చెప్పారు గాని, రేపు అదే మాట కోర్టులో చెబుతారన్న హామీ లేదు. జనరల్ డైరీలో గాని వైర్‌లెస్ రికార్డులో గాని ఆ నంబరు, అది నమోదైన సమయం ఉంటే దాన్ని ఎవరూ కాదనలేరు. చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోండి. జీపు కారుకు ఎంత దూరంలో ఉందో, సైరన్ ఎప్పటి నుంచి వినిపించిందో వాళ్ల జ్ఞాపకం చెదరకముందే రాయించుకోండి.

మీ నాన్నగారు ఎక్కడ, ఎలా రోడ్డు దాటుతున్నారో కూడా నిజం నిజంగా మీ న్యాయవాదికి చెప్పండి, ఎందుకంటే ఆయన పక్షాన కొంత నిర్లక్ష్యం ఉందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. ఆసుపత్రి బిల్లులు, మందుల రసీదులు, ఆయన ఆదాయానికి ఆధారాలు, ఎముక అతుక్కున్న తర్వాత మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం జాగ్రత్త చేయండి. కారు యజమాని తరఫున ఎవరైనా ఖర్చులు భరిస్తామంటూ రాజీ కాగితం మీద సంతకం అడిగితే, పరిహారం ఎంత రావచ్చో మీ న్యాయవాది లెక్కగట్టేవరకు సంతకం చేయకండి.