ఈక గీసే ముందు

అంబాజీపేట

చి. అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

లైబ్రరీ గోడ మీద దేశదేశాల ఈకలు వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసినవాణ్ణి, ఒక్క మాట చెప్తాను. అందంగా ఉంది కదా అని ఈకని ఎక్కడ పడితే అక్కడ పెట్టకు. అది ఎవరి తల మీదిదో, అక్కడ ఎందుకుందో తెలిశాకే కుంచె పట్టు.

కృష్ణుడి పింఛం నీకు కొత్త కాదు. నెమలీకని పుస్తకంలో దాచి, మేత వేసి, పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసినదానివి. అయినా రంగు దగ్గరే అందరూ పొరబడతారు. ఆ ఈకలో నీలం రంగంటూ లేదు. ఉన్నది మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం. దాని సన్నటి అల్లిక మీద వెలుతురు పడితేనే మనకి నీలం, పచ్చ కనబడతాయి. అందుకే ముందు ముదురు రంగు పూత వేసి ఆరనియ్యి. ఆ పైన నీలం, పచ్చ పలచగా వెయ్యి. మొదటే చిక్కటి నీలం వేస్తే అట్టముక్కలా ఉంటుంది.

పూర్వకాలపు ఈజిప్టు వాళ్ల మాత్ దేవత తలలో ఒక్కటే నిప్పుకోడి ఈక. చనిపోయినవాడి గుండెని త్రాసులో ఆ ఈకతో తూస్తారు. గుండె బరువైతే మొసలి మూతి రక్కసి మింగేస్తుంది. అక్కడ ఈకంటే సత్యం, ధర్మం. దానికి సోకులు చెయ్యకు. నిటారుగా గీసి కొస కొంచెం వంచు, చాలు.

అమెరికా మైదానాల ఆదివాసుల గద్ద ఈకల తలపాగాల్ని ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి అట్టలతో చేసి పిల్లలకు పెట్టాను. ఆ ఈకలు యోధులు సాహసంతో సంపాదించుకున్నవని తరవాత చదివాను. వాళ్ల గౌరవాన్ని వేషం చేశానని ఇప్పటికీ బాధ. నువ్వు దాన్ని అంచు డిజైనుగా మాత్రం వాడకు.

హవాయి రాజుల ఎర్ర, పసుపు ఈకల అంగీలు చోటుంటే వెయ్యి, లేకపోయినా పరవాలేదు.

వీటన్నిటికన్నా ముందు, జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ వేసిన నీలి పిట్ట రెక్క బొమ్మ ఫోన్లో చూడు. దాని మీద 1512 అని ఉంటుంది. ఆ పిట్ట మన పాలపిట్టకి దగ్గర చుట్టం. అందులో దేవుడు లేడు, రాజు లేడు. ఒక్కో ఈకని ఎంత ఓపికగా చూశాడో! మన కాలవ గట్టున కరెంటు తీగ మీద పాలపిట్ట వాలుతుంది. ఎగిరి రెక్క విప్పితేనే ఆ నీలమంతా కనబడేది. పది రోజులు పొద్దున్నే వెళ్లి చూసి, పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాలు నాకు పంపు. గోడ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ తాతయ్య