కాలేజీ బృందం, కంపెనీ ప్రాజెక్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బిజినెస్ స్కూల్ విద్యార్థులకు కంపెనీల నుంచి ఎనిమిది వారాల కన్సల్టింగ్ ప్రాజెక్టులు ఇప్పించే బాధ్యత నాది. పిల్లలు కష్టపడుతున్నారు, చివరి ప్రజెంటేషన్‌కు చప్పట్లూ పడుతున్నాయి. కానీ ఏ కంపెనీ రెండోసారి రావడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక ప్రాజెక్టు సమన్వయకర్త

జవాబు: చాలావరకు లోపం ప్రాజెక్టు మొదలవకముందే జరిగిపోతుంది. ‘మా అమ్మకాలు ఎలా పెంచుకోవాలో చెప్పండి’ అని కంపెనీ అడుగుతుంది, మీరు సరేనంటారు. అది ప్రాజెక్టు కాదు, కోరిక. దానికి విద్యార్థులు ఇవ్వగలిగేది అరవై స్లైడ్ల సాధారణ సలహా. అందులో ఉన్నదంతా కంపెనీకి ముందే తెలుసు. కాబట్టి ఒప్పుకునే ముందు ఈ మాట అడగండి: ‘నివేదిక చేతికొచ్చాక మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటి? తీసుకునేది ఎవరు?’ ‘చిన్న ఆర్డర్లకు డెలివరీ చార్జీ పెట్టాలా వద్దా అన్నది. మా సేల్స్ హెడ్ తేలుస్తారు’ అన్నారంటే ప్రాజెక్టు దొరికినట్టే. ‘మీవాళ్లు ఏం చెప్తారో చూద్దాం’ అంటే మర్యాదగా వదిలేయండి.

తర్వాత గంటల లెక్క. నలుగురు విద్యార్థులు, వారానికి ఎనిమిదేసి గంటలు, ఎనిమిది వారాలు: మొత్తం 256 గంటలు. వినడానికి ఎక్కువే. కానీ ఇరవై మంది కస్టమర్లతో మాట్లాడాలంటే, టైమ్ కుదుర్చుకోవడం, మాట్లాడటం, రాసుకున్నది సర్దుకోవడం కలిపి ఒక్కొక్కరికి మూడు గంటలు వేసుకోండి. 60 గంటలు అక్కడే పోయాయి. వారానికి గంటన్నర బృంద సమావేశమంటే నలుగురికీ కలిపి 48. స్లైడ్లకు, రిహార్సల్‌కు మరో 40. అసలు విశ్లేషణకు మిగిలేది 108. మిషిగన్ విశ్వవిద్యాలయపు రాస్ స్కూల్ 1992 నుంచి నడుపుతున్న ‘మ్యాప్’ కోర్సులో ఎంబీఏ విద్యార్థులు ఏడు వారాలు ప్రాజెక్టు పనిలోనే ఉంటారు. పక్కన మరో ఐదు సబ్జెక్టులు చదువుతున్న మీ విద్యార్థులను వాళ్లతో పోల్చుకుని పని ఒప్పుకోకండి. ఒక ప్రశ్న చాలు, మహా అయితే రెండు.

డేటా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎక్కువ ప్రాజెక్టులు చతికిలబడేది అక్కడే. మొదటి వారంలో అడిగిన డేటా నాలుగో వారానికి గానీ రాదు. గోప్యతా ఒప్పందం రెండు వైపులా లీగల్ విభాగాల్లో తిరగడానికే వారాలు పట్టొచ్చు. సంతకాలు అయ్యాకే బృందాన్ని కేటాయించండి. అంతకుముందే పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన ఓ వంద వరుసల నమూనా తెప్పించుకుని మీరే తెరిచి చూడండి. తేదీ గడిలో 03/04 అని ఉంటుంది. ఒక బ్రాంచి రోజు ముందు రాస్తుంది, ఇంకోటి నెల ముందు రాస్తుంది. ఒకే కస్టమర్ పేరు మూడు రకాల స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంటుంది. ఇది గమనించకుండా లెక్కేస్తే పాత కస్టమర్లు కొత్తవాళ్లుగా కనిపిస్తారు. ‘మళ్లీ వచ్చి కొనేవాళ్లు తక్కువ’ అని తేల్చేసి బృందం లాయల్టీ స్కీమ్ సూచిస్తుంది. సేల్స్ హెడ్ ఒక్క ప్రశ్న వేస్తే మొత్తం కూలిపోతుంది. ఇంకో సంగతి: వ్యక్తిగత వివరాలు తీసేయమంటే కొన్ని కంపెనీలు కస్టమర్ కోడ్ కూడా తీసేసి పంపిస్తాయి. ఆ కోడ్ లేకపోతే ఎవరు మళ్లీ కొన్నారో కనిపెట్టే దారి ఉండదు. పేరు బదులు మారని కోడ్ ఒకటి ఉంచమని ముందే చెప్పండి.

నాలుగో వారం సమీక్షకు నిర్ణయం తీసుకునే మనిషే రావాలి, ఆయన అసిస్టెంట్ కాదు. పని పరిధి మారేది ఉంటే అప్పుడే, రాతపూర్వకంగా మారాలి. కొత్తది ఒకటి చేరిస్తే పాతది ఒకటి తీసేయాలి.

ప్రశ్న: మాది చిన్న సంస్థ. విద్యార్థి బృందానికి ఒక ప్రాజెక్టు ఇవ్వాలనుంది. నా టైమ్ ఎంత పోతుంది? డబ్బు ఇవ్వాలా?
– ఒక యజమాని

జవాబు: వారానికి రెండు గంటలు కేటాయించలేకపోతే మొదలుపెట్టకండి. అరగంట కాల్, మిగతాది వాళ్ల మెయిళ్లకు, డేటా సందేహాలకు. బృందంతో మాట్లాడే ఉద్యోగి మధ్యలో మానేస్తే పని ఆగిపోతుంది. రెండో పేరు కూడా మొదట్లోనే ఇవ్వండి. తొందర పని, ఆలస్యమైతే నష్టం తెచ్చే పని విద్యార్థులకు అప్పగించకండి. పోటీదారుల ధరలు, కస్టమర్లు మానేయడానికి కారణాలు, కొత్త సేవకు గిరాకీ ఉందా లేదా... ఇలాంటివి బాగా నప్పుతాయి.

డబ్బు సంగతి: కోర్సులో భాగమై, మార్కులు వచ్చే ప్రాజెక్టయితే సాధారణంగా ఖర్చులు భరిస్తే సరిపోతుంది. కొన్ని విద్యాసంస్థలు ఫీజు తీసుకుంటాయి. కానీ ప్రాజెక్టు పేరుతో డేటా ఎంట్రీ, ఫోన్లు చేయడం లాంటి మీ రోజువారీ పని చేయిస్తే అది ఉద్యోగమే, జీతం ఇవ్వాల్సిందే. నివేదిక ఎవరిది, విద్యార్థులు దాన్ని బయట చూపించవచ్చా అన్నవి మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి.

ప్రశ్న: మా కాలేజీలో ఇలాంటి ఏర్పాటే లేదు. సొంతంగా ప్రాజెక్టు తెచ్చుకోవడం ఎలా?
– ఎంబీఏ మొదటి ఏడాది విద్యార్థి

జవాబు: మీ ముందువాళ్లు దీనికో దారి వేశారు. 1967లో ఫ్రాన్స్‌లోని ఎసెక్ బిజినెస్ స్కూల్ విద్యార్థులు ‘జూనియర్ ఎంటర్‌ప్రైజ్’ పేరుతో విద్యార్థులే నడిపే కన్సల్టింగ్ సంస్థ పెట్టారు. ఇప్పుడు అలాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. అంత దూరం వెళ్లకుండా మొదలుపెట్టాలంటే 10 నుంచి 40 గంటల మైక్రో ఇంటర్న్‌షిప్‌లు చూడండి. లేదా మీ సీనియర్లు పనిచేసే చిన్న సంస్థలకు నేరుగా రాయండి.

మెయిల్ పొట్టిగా ఉండాలి: ‘మీ సైట్‌లో ఆర్డర్ పూర్తి చేయడానికి ఏడు పేజీలు దాటాల్సి వస్తోంది. కస్టమర్లు ఎక్కడ ఆగిపోతున్నారో ఇద్దరం మూడు వారాల్లో చూసి, ఐదు పేజీల నివేదిక ఇస్తాం. వచ్చే వారం పదిహేను నిమిషాలు కుదురుతుందా?’ ‘ఏ పనైనా చేస్తాను’ అని రాస్తే జవాబు రాదు. ఏ పని ఇవ్వాలో ఆలోచించే శ్రమ అవతలివాళ్ల మీద పడుతుంది మరి.

గోప్యతా ఒప్పందం ఉంటే రెజ్యూమేలో కంపెనీ పేరు బదులు ‘ఒక మధ్యస్థాయి ఆహార పంపిణీ సంస్థ’ అని రాసుకోండి. అంకెలు వాడే ముందు అనుమతి అడగండి.

ప్రశ్న: బృందంలో ఒకరు పనే చేయరు. ఏం చేయాలి?

జవాబు: పనులు పేరుపేరునా, గడువుతో పంచి షీట్లో పెట్టండి. సహచరుల మూల్యాంకనం చివర్లో కాకుండా నాలుగో వారంలో ఒకసారి పెట్టమని మీ ఫ్యాకల్టీని అడగండి. ఎనిమిదో వారంలో చేసే ఫిర్యాదు వల్ల మార్కులు మారొచ్చేమో గానీ, పని మాత్రం అప్పటికే మీరు చేసేసి ఉంటారు.