ఆఫీసులో మహిళలపై హింస గురించి అవగాహన కల్పించాలంటే పోస్టర్లు అంటిస్తే సరిపోతుందా?

సరిపోదండీ. నవంబర్ 25న, అంటే 1999లో ఐక్యరాజ్యసమితి ఈ విషయానికి కేటాయించిన రోజున, ఒక మీటింగ్ పెట్టి ఫొటోలు దిగి వదిలేస్తే మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ముందు చెప్పాల్సింది, ఇది వేధింపుల గురించి మాత్రమే కాదని. ఇంట్లో జరిగే హింస కూడా ఆఫీసు దాకా వస్తుంది. పక్క సీట్లో ఆవిడ ఫోన్ పది నిమిషాలకోసారి మోగుతుంది, ఆవిడ గొంతు తగ్గించి "ఆఫీసులోనే ఉన్నాను" అని చెప్పి, నమ్మకం కోసం తన టేబుల్ ఫొటో తీసి పంపుతుంది, మనమేమో పని మీద శ్రద్ధ లేదనుకుంటాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం కూడా గృహహింస ప్రభావాన్ని ఉద్యోగ విషయంగానే గుర్తించింది.

నా దృష్టిలో మేనేజర్లకు ట్రైనింగ్ అన్నిటికన్నా ముఖ్యం. ఎవరైనా చెప్పుకుంటే నమ్మాలి, "మరి ఎందుకు భరిస్తున్నావు" అని అడగకూడదు, ఆవిడ ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదు. సెలవు, సీటు మార్పు, పని వేళల సర్దుబాటు, జీతం వేరే అకౌంట్‌లో వేయడం లాంటివి అడిగిన వెంటనే చేసిపెట్టగలగాలి, లేకపోతే ఎంత అవగాహన కల్పించినా ఆవిడకు ఒరిగేదేమీ ఉండదు.

మగవాళ్లను తప్పకుండా కూర్చోబెట్టండి, నిందించడానికి కాదు, తోటివాడు వెకిలి మాట అన్నప్పుడు "ఆపు" అనడం నేర్పడానికి. పోస్టర్ వేస్తే మాత్రం, హెల్ప్‌లైన్ నంబర్‌తో మహిళల టాయిలెట్ తలుపుకి లోపలివైపు అంటించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు.