కొడుకు ప్రార్థనకు తండ్రి అప్పు జవాబా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. మావాడు బీకాం పాసై వేరే రాష్ట్రంలో ఏడాది మిషనరీ ట్రైనింగుకు చేరాడు. అక్కడ ఫీజు కోసం ఎవరినీ అడగకూడదట, దేవుడే సమకూరుస్తాడని నమ్మాలట. మొదటి కంతు 60,000 తన ప్రార్థనకు జవాబుగా వచ్చిందని వాడు అనుకుంటున్నాడు. నిజానికి వాళ్ల నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, సంఘ పెద్ద చేత పేరు చెప్పకుండా కట్టించారు. దేవుడే ఇచ్చాడని వాడు చర్చిలో అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. ఇప్పుడు రెండో కంతు దగ్గరపడింది. ఇది మానిపించి బి.డి.లో (పాస్టర్లు చదివే దైవశాస్త్ర డిగ్రీలో) చేర్పిస్తే మంచిదా? డబ్బు మాట ఎత్తితే అవిశ్వాసం అంటారేమోనని భయం.

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏ కోర్సు మంచిదని. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ 60,000. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. డబ్బు సంగతి సూటిగా అడిగేవాళ్లు తక్కువ. డబ్బు గురించి అడగడం అవిశ్వాసం కాదమ్మా. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే.

ఇలాంటి ట్రైనింగుల్లో జార్జ్ ముల్లర్ పేరు తరచూ వినిపిస్తుంది. ఆయన ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను పెంచాడు, ఎవరినీ చందా అడగలేదు. నిజమే. కానీ ఆయన అప్పు చేయకూడదని గట్టిగా నమ్మినవాడు, వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాసి ఏటా అచ్చువేయించినవాడు. ఆ సంగతి పిల్లలకు ఎందుకు చెప్పరు? ఈ పద్ధతి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అడగకూడదంటారు, కానీ 'ఫలానా తేదీలోగా ఇంత కావాలి, ప్రార్థించండి' అని వాట్సాప్ స్టేటస్ పెట్టమంటారు. అది అడగడం కాక మరేమిటి? నాలుగెకరాలున్న ఇంటి పిల్లాడికి డబ్బు త్వరగా సమకూరుతుంది. కూలికెళ్లే తల్లి కొడుక్కి సమకూరకపోతే వాడి విశ్వాసం చాలలేదంటారు. అలా మధ్యలో తిరిగొచ్చి, సొంత ఊరి చర్చిలోకి అడుగుపెట్టడానికి సిగ్గుపడే పిల్లలను నేను చూశాను. వాళ్లకు మళ్లీ ధైర్యం చెప్పడం ఏ కోర్సులో చేర్పించడం కన్నా కష్టం.

ఇక మీ ఇద్దరికీ ఒక మాట కటువుగానే చెప్పాలి. మీరు దేవుడి పేరు మీద సంతకం పెట్టారు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. నెలకు 1,200 ఇంట్లోంచి పోతుంటే ఎంతకాలం దాస్తారు? వాడు సెలవుకొచ్చిన రోజే అప్పిచ్చినాయన గుమ్మంలో నిలబడితే? ఆ రోజు వాడు మిమ్మల్ని ఒక్కరినే అనుమానించి ఊరుకోడు, తను చెప్పిన సాక్ష్యాన్నీ, చేసిన ప్రతి ప్రార్థననూ తిరగేసి చూసుకుంటాడు. పైగా రెండో కంతుకు మళ్లీ అప్పు తెస్తే, మీ అబద్ధాన్ని నిలబెట్టడానికే ఇంకో అబద్ధం కావాలి.

మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారినే చూడండి. 1876-78 కరువులో ఆయన ప్రార్థనలతో సరిపెట్టలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. అయితే ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట ఉండకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ తర్వాతే. డబ్బునూ విశ్వాసాన్నీ కలగలపకుండా ఆయన అంత జాగ్రత్తపడ్డాడు. మీ ఇంట్లో ఆ రెండూ కలిసిపోయాయి.

అందుకే వాణ్ని ఇంటికి పిలిపించి నిజం చెప్పండి. ఫోనులో వద్దు. వాళ్ల నాన్నే చెప్పాలి. కోపగించుకుంటాడు, ఒకరోజు అన్నం తినడేమో. తర్వాత అర్థం చేసుకుంటాడు. మీరు భయపడుతున్నంత ప్రమాదం లేదమ్మా, ఎందుకంటే తండ్రి రెక్కల కష్టం కూడా దేవుడు సమకూర్చేదే. దాన్ని దాచిపెట్టడమే తప్పు. ఫిలిప్పీ వాళ్లకు పౌలు 'దేవుడు మీ ప్రతి అవసరం తీరుస్తాడు' అని రాసింది, ఎపఫ్రొదితు చేతికిచ్చి వాళ్లు పంపిన కానుక అందాక. పంపింది ఫిలిప్పీ సంఘమనీ, తెచ్చింది ఎపఫ్రొదితనీ పౌలు దాచకుండా చెప్పాడు.

తర్వాత వాడు మీ పాస్టరుగారి ముందు కూర్చుని ఖర్చంతా చెప్పాలి. సంఘం నెలకు ఇంత అని బాహాటంగా భరిస్తే మంచిదే. మిజోరంలో ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి మిషనరీలను పోషిస్తున్నారు. మన సంఘాల్లో చేతకానిదేమీ కాదు.

ట్రైనింగు సెంటర్ నుంచి మొత్తం ఖర్చు కాగితం మీద తెప్పించుకోండి. చాలాచోట్ల అవుట్‌రీచ్ (ఊళ్లు తిరిగి సువార్త చెప్పే) ప్రయాణాల ఖర్చు ఫీజులో ఉండదు. జబ్బుచేస్తే ఎవరు చూస్తారో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాసివ్వమనండి. టెన్త్, డిగ్రీ ఒరిజినల్స్ ఇచ్చి ఉంటే తెచ్చేసుకోండి, జిరాక్సులు చాలు. విదేశీ స్పాన్సర్ వస్తాడని ఆశపెడితే నమ్మకండి. మత సంస్థలకు ఆ డబ్బు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకు మళ్లించే వీలు కూడా లేదు. మీవాడి ఫోన్‌పేకి పంపిస్తామన్నారంటే చిక్కుల్లో పడేది వాడే.

బి.డి. సంగతి. అది పాస్టరుగానో బైబిలు బోధకుడిగానో నిలబడాలనుకునేవాళ్ల చదువు. ఏడాది ట్రైనింగుతో పోలిక లేదు. సెరాంపూర్ (బి.డి. పట్టా ఇచ్చే దైవశాస్త్ర సంస్థ) కింద నడిచే కాలేజీల్లో చేరాలంటే మామూలుగా సంఘం సిఫారసు అడుగుతారు, కాబట్టి పాస్టరుగారితో మాట తప్పదు. మీ భయానికి మందుగా మాత్రం వాణ్ని అందులో వేయకండి. వాడు బీకాం చదివాడు, టాలీ వస్తే ఏడాది ఉద్యోగం చేసుకోవచ్చు, మిషన్ ఆఫీసుల్లోనూ లెక్కలు రాసేవాళ్లు కావాలి. విలియం కేరీ అంతటి మిషనరీ బెంగాల్‌లో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూ సేవ చేశాడు. ఏడాది ఆలస్యమైతే పిలుపు ఎక్కడికీ పోదు.

ఈసారి పొగాకు వేలం డబ్బు చేతికి రాగానే ముందు ఆ 60,000 అసలు కట్టేయండి. ఖర్చు కాగితం రాకుండా రెండో కంతు మాత్రం కట్టకండి.