‘వద్దు’ అని రాసే ముందు

ఫ్రిస్కో, టెక్సస్
2025 ఆగస్టు 20

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫాంటసీ ఫుట్‌బాల్ వ్యాసం (కొందరు లీగ్‌గా చేరి, నిజం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకుని ఉత్తుత్తి జట్లు కట్టి, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకునే సరదా; ఆ ఎంపికే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్) ‘ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో తీసుకోకూడని 10 మంది’ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసుకుని, రెండోసారి ఇంటికొచ్చి టీ పెట్టుకుని. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కాస్త భయమేసింది, నీ మాట నమ్మి ఎవరైనా నిజంగానే ఆ పదిమందినీ వదిలేస్తారేమోనని.

ముందు మంచి మాట. నీ తెలుగు బావుంది. రన్నింగ్ బ్యాక్‌ని రన్నింగ్ బ్యాక్ అనే రాశావు, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కదా అని దాన్ని అనువదిస్తానని కూర్చోలేదు. నేను మన సంఘం సంచికకి రాసిన మొదటి వ్యాసంలో టచ్‌డౌన్‌ని (బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు కొట్టడాన్ని) ‘భూస్పర్శ’ అన్నాను. మా లీగ్‌లో ఇప్పటికీ నా పేరు అదే.

ఇక అసలు సంగతికి వద్దాం. నీ మూడో పేరు రన్నింగ్ బ్యాక్ మెకాఫ్రీ. ‘క్రిస్టియన్ మెకాఫ్రీకి ఎప్పుడూ దెబ్బలే. దూరంగా ఉండండి’ అని రాసి వదిలేశావు. 2022లో నేనూ సరిగ్గా ఇదే రాశాను. లెక్క కూడా చూపించాను. 2020లో 3 ఆటలు, 2021లో 7, ఇంకేం కావాలి అని. ఆ ఏడాది అతను 17కి 17 ఆటలూ ఆడాడు. అదీ మధ్యలో, అక్టోబరులో, కరోలినా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ట్రేడ్ అయి. పరుగులూ క్యాచ్‌లూ కలిపి మొత్తం 1,880 యార్డులు, 13 టచ్‌డౌన్లు. నా మాట విని అతన్ని వదిలేసినాయన థ్యాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర నాకు బిర్యానీ వడ్డించాడు. గరిటెడు అన్నం పడింది కానీ ఒక్క ముక్క పడలేదు.

రెండేళ్లు గడిచాయి. 2023లో అలాగే రెండూ కలిపి 2,023 యార్డులు, 21 టచ్‌డౌన్లు కొట్టాడు కాబట్టి 2024 ఆగస్టులో దాదాపు ఎక్కడ చూసినా మొదటి పిక్ అతనే. పిక్క నొప్పితో ప్రాక్టీసుకి రావట్లేదన్న వార్త నెలంతా వస్తూనే ఉంది. ఎవరూ దాచలేదు, ఎవరూ పట్టించుకోలేదు. సెప్టెంబరు 9, సోమవారం రాత్రి, జెట్స్‌తో మొదటి ఆట. తీరా ఆట మొదలయ్యే వేళకి అతను ఆడట్లేదన్నారు. అతని బదులు జోర్డన్ మేసన్ దిగి 147 యార్డులు పరిగెత్తాడు. ఆ సీజన్ మొత్తమ్మీద మెకాఫ్రీ ఆడింది 4 ఆటలు.

ఇప్పుడు ఈ రెండు ఆగస్టులనీ పక్కపక్కన పెట్టి చూడు. 2022లో నేను భయపడింది మానిపోయిన దెబ్బలకి. 2024లో జనం పట్టించుకోనిది అప్పుడు నొప్పెడుతున్న పిక్కని. ‘ఎప్పుడూ దెబ్బలే’ అన్న మాటలో ఈ తేడా కనపడదు. కాబట్టి ఎవరినైనా గాయం పేరు చెప్పి వద్దనే ముందు నీకు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ వారం ప్రాక్టీసుకి వచ్చాడా లేదా? ఈ ఆగస్టులో మెకాఫ్రీ వస్తున్నాడు మరి.

రెండో సంగతి ధర. మనం ఆటగాణ్ని వద్దనం, ఆ ధరకి వద్దంటాం. పన్నెండు మంది ఉన్న లీగ్‌లో మూడో పిక్ నీదైతే, ప్రతి రౌండుకీ వరస తిరగబడుతుంది కాబట్టి మళ్లీ నీ వంతు వచ్చేది 22కి. ఆ మధ్యలో 18 మంది వెళ్లిపోతారు, నువ్వు చూస్తూ కూర్చుంటావు. అదే తొమ్మిదో పిక్ అయితే మళ్లీ 16కే వస్తుంది. అందుకే మూడో పిక్‌లో తప్పు చేస్తే కోలుకోవడం కష్టం, తొమ్మిదో పిక్‌లో చేస్తే మరీ అంత కాదు. నీ వ్యాసంలో ఒక్క పేరు పక్కన కూడా ఏ రౌండులో వద్దో, ఏ రౌండులో అయితే పర్వాలేదో రాయలేదు. నేనైతే ఆ మెకాఫ్రీ ముక్క ఇలా రాస్తాను:

‘మెకాఫ్రీకి 29 ఏళ్లు. నిరుడు 4 ఆటలే ఆడాడు. మొదటి ఐదు పిక్‌లలో నేను ముట్టుకోను. తొమ్మిది దాకా మిగిలితే మాత్రం వదలను, ఆ చోట అతనంత క్యాచ్‌లు పట్టే రన్నింగ్ బ్యాక్ దొరకడు కాబట్టి.’

నాలుగు వాక్యాలు. అతను ఈ ఏడాది ఆడినా, ఆడకపోయినా, చదివినవాడికి ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ఇంకోటి. నీ జాబితాలో రన్నింగ్ బ్యాక్ బార్క్‌లీ లేడు. ఎందుకు లేడో నాకు తెలుసు. నిరుడు ఈగిల్స్‌కి 2,005 యార్డులు పరిగెత్తి సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) గెలిచినవాణ్ని వద్దంటే జనం కొడతారని భయం. కానీ చూడు, అతనికి ముందు క్యాచ్‌లు కలపకుండా, ఒక్క పరుగుల మీదే ఒక సీజన్‌లో 2,000 దాటినవాళ్లు 8 మంది. మరుసటి ఏడాది వాళ్ల లెక్క తీశావా? డికర్సన్ 1984లో 2,105 నుంచి 1,234కి వచ్చాడు. టెరెల్ డేవిస్ 1998లో 2,008 కొట్టి, తర్వాతి ఏడాది నాలుగో ఆటలో మోకాలు పోగొట్టుకున్నాడు. జమాల్ లూయిస్ 2,066 నుంచి 1,006. పీటర్సన్ 2,097 నుంచి 1,266. హెన్రీ 8 ఆటలకే కాలి ఎముక విరిగి ఆగిపోయాడు. ఓ.జే. సింప్సన్, క్రిస్ జాన్సన్‌లదీ అదే దారి. అందరిలోకీ మెరుగు బ్యారీ శాండర్స్, 1998లో 1,491. ఎనిమిది మందిలో ఒక్కరూ 1,500 దాటలేదు.

ఇందులో శాపం, దిష్టి ఏమీ లేవు. 2,000 రావాలంటే ఆరోగ్యం, ముందు దారి తెరిచే లైన్‌మెన్, కోచ్, అదృష్టం అన్నీ ఒకే ఏడాది కలిసిరావాలి, వరసగా రెండేళ్లు కలిసిరావడం అరుదు. పైగా బార్క్‌లీ నిరుడు ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) కలుపుకుని 482 సార్లు బంతి పట్టుకున్నాడు. అన్నిసార్లు కిందపడి లేచిన ఒళ్లది. ఎనిమిది మందితో సూత్రం కట్టేయలేం, 1,491 వస్తే కాదనేవాడూ లేడు. కానీ మొదటి మూడు నాలుగు పిక్‌లలో అతన్ని కొనేవాడు నిరుటి ధర కడుతున్నాడు. ఈ ముక్క రాయడానికి గుండె కావాలి. వద్దనే వ్యాసం రాసేది ఇందుకే.

మరి నీ ఏడు నుంచి పది దాకా ఉన్న పేర్లు? అందరూ పన్నెండో రౌండు తర్వాత పోయేవాళ్లు. సంతలో ఎవరూ ముట్టుకోని పుచ్చు వంకాయల్ని చూపించి ‘కొనకండి’ అన్నట్టుంది. తీసెయ్. పది మందే ఉండాలని రూలేం లేదు, నలుగురు చాలు.

ఒక్క ఆట చూసి ధర కట్టడమూ అంతే. గేబ్ డేవిస్ అనే రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) గురించి నీకు గుర్తుండకపోవచ్చు. 2022 జనవరిలో కాన్సస్ సిటీతో ప్లేఆఫ్ ఆటలో ఒక్క రాత్రి 4 టచ్‌డౌన్లు, 201 యార్డులు. ఆ రాత్రి చూసినవాళ్లు ఆగస్టులో అతని ధర ఎక్కడికో తీసుకెళ్లారు. ఆ సీజన్ మొత్తానికి పట్టింది 48 క్యాచ్‌లు. టచ్‌డౌన్లు ఎన్ని అని కాదు, బంతి అతని వైపు ఎన్నిసార్లు విసిరారో చూసి రాయి.

జీతం పెంచేదాకా రానని కూర్చునేవాళ్ల గొడవల మీద మాత్రం తీర్పులు చెప్పకు. 2018లో రన్నింగ్ బ్యాక్ లెవియన్ బెల్ ‘రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు’ అంటూనే సీజన్ అంతా రాలేదు. మరుసటి ఏడాది ఇక్కడే మన డల్లాస్ జట్టు కౌబాయ్స్‌లో ఎలియట్ సీజన్ ముందరి ట్రెయినింగ్ క్యాంప్ మొత్తం ఎగ్గొట్టి, ఆటలు మొదలయ్యే వారం సంతకం పెట్టి 1,357 యార్డులు పరిగెత్తాడు. ఎవరు వస్తారో బయటినుంచి చెప్పలేం. (మనవాళ్లు ఎలాగూ కౌబాయ్స్ ఆటగాళ్లని ఓ రౌండు ముందే లాగేస్తారు, ఎవరు చెప్పినా వినరు. అది వదిలెయ్.)

చివరగా మా ఆవిడ మాట. తను ఫిజియోథెరపిస్టు. నీ వ్యాసంలో ఒకడి గురించి ‘గాజు మోకాళ్లవాడు’ అని రాసింది చూసి, ‘మోకాలి ఆపరేషన్ అయినవాడు చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగడానికి ఎన్నాళ్లు పడుతుందో ఈ అబ్బాయికి తెలుసా?’ అంది. నేనేం మాట్లాడలేదు. 2022లో నేనూ అలాంటిదే ఒకటి రాశాను, అదృష్టం కొద్దీ తను చదవలేదు. ఆ మాట తీసెయ్.

తిరగరాసి పంపు, చూస్తాను. కానీ కొత్తది 31 రాత్రి దాకా ఎవరికీ చూపించకు. ఆ ఆదివారం సాయంత్రం మా గ్యారేజీలో డ్రాఫ్ట్, నాది తొమ్మిదో పిక్. ఈలోపు కావాలంటే పాత వ్యాసమే మా వాట్సాప్ గ్రూపులో పెట్టు, ఆ మెకాఫ్రీ ముక్క ఉంది చూడు, అది కాస్త పైకి జరిపి.

ఇట్లు,
భూస్పర్శ అన్నయ్య