రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తకపోతే సేవ ఆగిపోతుందా?

పాస్టరు గారూ,

మీ ఉత్తరం సారాంశం ఇదీ. సంఘం పెరిగింది, దానితోపాటు ఫోన్లూ పెరిగాయి, రాత్రి పదకొండు దాటినా మోగుతూనే ఉంటాయి. ఒక జంట గొడవపడ్డ ప్రతిసారీ మీరే సర్దిచెప్పాలి. ఎవరైనా చేబదులు అడిగితే లేదనలేక ఇచ్చేస్తున్నారు. పక్క గదిలో ఉన్న మీ భార్య మీతో ఏదైనా చెప్పాలంటే వాట్సాప్‌లో మెసేజ్ పెడుతోంది. వారంలో ఒకరోజు సెలవు తీసుకుంటానంటే ఒక సంఘ పెద్ద "దైవసేవకుడికి సెలవేంటండీ" అన్నారట. హద్దులు పెట్టుకోవడం స్వార్థమా అని అడిగారు.

స్వార్థం కాదు. కాకపోతే మీకు నచ్చని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. మీరు కాదనలేకపోవడానికి కారణం ప్రేమ ఒక్కటే కాదు. "వెళ్లకపోతే వేరే సంఘానికి పోతారేమో" అని మీరే రాశారు, అది భయం. నేను లేకపోతే వీళ్లకి గడవదు అనే తృప్తి కూడా ఎక్కడో కాస్త ఉంటుంది (మా కౌన్సెలర్లకీ ఉండే జబ్బే లెండి). ఈ రెండూ ఒప్పుకోకుండా ఫోన్ ఆపేసినా లాభం లేదు, రెండో రోజుకే మనసు పీకి మళ్లీ ఆన్ చేస్తారు.

ఆ జంట సంగతే చూడండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తారు, స్పీకర్‌లో ఇద్దరి వాదనా మీరు వింటారు, ప్రార్థన చేస్తారు, వాళ్లు హాయిగా పడుకుంటారు, మీకు నిద్ర పట్టదు. వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన అవసరమే లేకుండా మధ్యలో మీరున్నారు కదా! ఈసారి చేస్తే ఇంతే చెప్పండి: "తమ్ముడూ, ఇది ఈ రాత్రి తేలే విషయం కాదు, పడుకోండి. గురువారం సాయంత్రం ఐదింటికి ఇద్దరూ రండి, గంటసేపు కూర్చుందాం." అక్కడితో ఆపండి. ఒంట్లో బాగాలేదనో, ఇంట్లో చుట్టాలున్నారనో కారణాలు చెప్పారంటే బేరం మొదలవుతుంది.

అయితే ఒకరు చేయి చేసుకుంటున్నారన్నా, చచ్చిపోతానంటున్నారన్నా అది ఏ వేళకైనా ఎత్తాల్సిన ఫోన్. అక్కడ ప్రార్థన ఒక్కటే చేసి పెట్టేయకండి, పోలీసులకో డాక్టరుకో అప్పుడే చెప్పాలి. దెబ్బలు తింటున్న మనిషికి సర్దుకుపొమ్మని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. ఇలాంటి ఫోన్ల కోసమే రాత్రి తొమ్మిది తర్వాత వంతులవారీగా ఒక సంఘ పెద్ద నంబరు అందరికీ ఇవ్వండి, నిజంగా అత్యవసరమైతే ఆయన మిమ్మల్ని లేపుతారు.

డబ్బు విషయానికొస్తే, మీ జేబులోంచి ఇవ్వడం ఆపేయండి. అప్పు తీర్చలేని మనిషి ముందుగా మానేసేది ఆదివారం ఆరాధనకు రావడమే, మొహం చూపించలేక. సంఘానికి సహాయ నిధి ఉంటే ఇద్దరు పెద్దలు కలిసి నిర్ణయించి అప్పుగా కాకుండా సాయంగానే ఇస్తారు, అడిగినవాళ్లకి "పెద్దలతో మాట్లాడండి" అనొచ్చు. అర్ధరాత్రి చాటింగ్‌లో కౌన్సెలింగ్ కూడా వద్దు, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న స్త్రీలతో. మీ మీద అనుమానం ఉండి కాదు, బాధలో ఉన్న మనిషి మీద పాస్టరు మాటకి ఎంత పట్టు ఉంటుందో మీకు తెలుసు కాబట్టి.

ఇక సెలవేంటన్న ఆ పెద్దాయనకి జవాబు ఆయన చేతిలోని బైబిల్లోనే ఉంది. నిర్గమకాండం 18వ అధ్యాయం మొదటినుంచీ చదవమనండి. అందరూ మోషే మామ యిత్రో సలహా దగ్గరే మొదలుపెడతారు గానీ, దానికి ముందు ఆయన తన కూతురు, అంటే మోషే భార్య సిప్పోరానీ ఇద్దరు కొడుకులనీ మోషే దగ్గరికి తీసుకొస్తాడు, అంతకుముందు మోషే ఆమెను పుట్టింటికి పంపించి ఉన్నాడు. అలా పెళ్లాం బిడ్డలు వచ్చాక, మర్నాడే మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్నాడు! నువ్వు చేస్తున్న పని మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, ఈ జనమూ నలుగుతారు అని యిత్రో చెప్పింది అది చూశాకే. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టి, కష్టమైనవే నీ దగ్గరికి రానియ్యమన్నాడు, మోషే విన్నాడు. కపెర్నహూములో యేసు కూడా తెల్లవారకముందే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్తే, అందరూ వెతుకుతున్నారని శిష్యుడు సీమోను వాళ్లు వచ్చి చెప్పినా వెనక్కి రాలేదు, పక్క ఊళ్లకు వెళ్దామన్నాడు. మార్కు మొదటి అధ్యాయమే.

సెలవు రోజు ఏదో పెద్దల కమిటీలో ఒప్పించుకుని ఆరాధనలో ప్రకటించండి. కొందరు గొణుగుతారు, ఒకరిద్దరు నిజంగానే వెళ్లిపోవచ్చు కూడా, వెళ్లనివ్వండి.

కానీ సంఘానికి ప్రకటించే ముందు ఇంట్లో మీ భార్యతో మాట్లాడండి. ఏ రోజైతే బాగుంటుందో ఆమెనే అడగండి. ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా బయటికొస్తుంది, మధ్యలో బైబిలు వాక్యం ఎత్తకండి. ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోండి.