పల్లెలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు టైము చూసుకోండి, కంప్యూటర్లు తర్వాత. రాజాం దగ్గర మా ఊళ్లో సాయంత్రం ఆరింటికి క్లాసు పెడితే ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు. బడి వదలగానే నాలుగింటికి, బళ్లోనే పెట్టాక వచ్చారు. చీకటి పడేలోగా పిల్ల ఇంటికి చేరుతుందంటే అమ్మానాన్నలు కాదనరు.

అసలు చిక్కు మౌస్ దగ్గర. నలుగురికి ఒక కంప్యూటర్ ఉంటే మగపిల్లలు కుర్చీలో కూర్చుని నొక్కుతుంటారు, ఆడపిల్లలు వెనక నిలబడి నోట్సు రాసుకుంటారు. కళ్లారా చూశాను, బాధేసింది. అందుకే వాళ్లకు విడిగా బ్యాచ్ పెట్టండి, పది నిమిషాలకోసారి మౌస్ చేతులు మారేలా చూడండి. మొదటి రోజే తెలుగులో టైప్ చేయించండి. ఏడో తరగతి పిల్ల ఒకర్తి వాళ్లమ్మ పేరు కొట్టి, స్క్రీన్ మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. మర్నాడు చెల్లెల్ని కూడా తెచ్చింది.

ఖర్చంటారా, పాత కంప్యూటర్లు చాలు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్, టైపింగ్ లాంటి పనులకు వాడే లిబ్రె ఆఫీస్, రెండూ ఉచితం.

ఇంట్లో "ఆడపిల్లకెందుకమ్మా ఇదంతా" అంటే శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఉన్న ట్రిపుల్ ఐటీ (పది అయ్యాక ఇంజనీరింగ్ చదివించే ప్రభుత్వ సంస్థ) గురించి చెప్పండి. 2016లో మొదలైంది, పదో తరగతి మార్కుల మీదే సీటు. కుదిరితే అక్కడ చదువుతున్న మన పక్క ఊరి అమ్మాయిని ఓ ఆదివారం పిలిచి, తల్లులతో మాట్లాడించండి.